మడ్డి ఎక్కడిదో కనిపెట్టాకే డబ్బు తీయండి

తెల్లవారుజామున మోటారు వేశారు. బకెట్ పెట్టి కుళాయి తిప్పితే టీ నీళ్ళ రంగులో ధార. కాసేపు వదిలేశారు, కొంచెం తేటపడింది. స్నానాలు అయ్యాయి, వంట అయింది. సాయంత్రం బకెట్ అడుగున వేలు పెట్టి చూస్తే మెత్తగా, జారుడుగా ఒక పొర. తెల్ల చొక్కా నాలుగు ఉతుకులకే గోధుమరంగుకు తిరిగింది. వాషింగ్ మెషిన్‌కి నీళ్ళు వెళ్ళే చోట జాలీ విప్పితే చిటికెడు ఇసుక. ఇది మీ ఇంటి సంగతేనా?

అయితే ఇప్పటికే నలుగురిని అడిగి ఉంటారు. ప్లంబర్ ఫిల్టర్ పెట్టించమన్నాడు. మోటారు మెకానిక్ ఇంకో ఇరవై అడుగులు కిందికి దించమన్నాడు. బోరు బండి మనిషి ఫ్లషింగ్ చేయిస్తే సరిపోతుందన్నాడు. పక్కింటాయన ఈ బోరు మీద ఆశ వదిలేసి కొత్తది వేయించుకోమన్నాడు. నాలుగూ ఖర్చుతో కూడిన సలహాలే. నలుగురిలో ఎవరైనా మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగారా: బురద ఎప్పుడు వస్తోంది?

మోటారు వేసిన మొదటి రెండు నిమిషాలా? అరగంట నడిచాకా? వాన పడిన మర్నాడా? ఎండాకాలంలోనేనా? సమాధానం మారితే మందు మారుతుంది. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక గాజు సీసా, ఒక గడియారం, వారం రోజుల ఓపిక చాలు. ఆ మూడూ మీ దగ్గర ఉన్నాయి.

ముందు బోరా, ట్యాంకా తేల్చండి

1. బోరు నుంచి ట్యాంకులోకి వెళ్ళే పైపు దగ్గర ఒక సీసా నింపండి. అదే రోజు వంటింటి కుళాయి దగ్గర ఇంకో సీసా నింపండి. రెండూ పక్కపక్కన కిటికీలో పెట్టండి.

బోరు సీసా తేటగా ఉండి వంటింటి సీసాలో మడ్డి ఉంటే మీ బోరు తప్పేమీ లేదు. ఏళ్ళ తరబడి ట్యాంకు అడుగున పేరుకున్నదే కదిలి వస్తోంది. లేదా పాత జీఐ పైపులు లోపల తుప్పు పట్టి పొరలు రాలుతున్నాయి. చాలా ఇళ్ళలో కథ ఇక్కడే ముగుస్తుంది. ట్యాంకు కడిగించండి. కుళాయిలకు వెళ్ళే పైపు ట్యాంకు అడుగుకు ఆనుకుని ఉంటే రెండు మూడు అంగుళాలు పైకి జరిపించండి. అట్టడుగున కడుగునీళ్ళు పోవడానికి వేరే వాల్వు పెట్టించి, నెలకోసారి ఒక్క నిమిషం తెరవండి. ఈ చిన్న పని చేసుకోక ఏడాదికో ఫిల్టర్ మార్చే ఇళ్ళు ఎన్నో చూశాను.

రెండు సీసాల్లోనూ మడ్డి ఉంటే ముందుకు వెళ్దాం.

సీసా చెప్పే సంగతులు

2. లీటరు గాజు సీసా నింపి, బాగా కుదిపి, కదపకుండా ఒకచోట పెట్టండి. ఎంతసేపటికి తేరుకుంటుందో చూడండి.

ఒక్క నిమిషంలో రేణువులు అడుగుకు చేరి, వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడితే అది ఇసుక, లేదా రాతిపొడి. కొన్ని గంటలు పట్టి, అడుగున మెత్తటి పొర కడితే ఒండ్రు. మర్నాటికి కూడా పాలచెంబు కడిగిన నీళ్ళలా మసకగానే ఉంటే అది బంకమట్టి. ఈ మూడింటికీ ఒకే ఫిల్టర్ పనిచేయదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇక మోసం చేసే సీసాలు మూడున్నాయి. పట్టగానే తెల్లగా ఉండి, కింది నుంచి పైకి తేటపడుతూ నిమిషంలో మామూలైపోతే అది మట్టి కాదు, గాలి. మోటారు దగ్గర నీటిమట్టం బాగా దిగిపోయి పంపు గాలి పీలుస్తూ ఉండొచ్చు. పట్టినప్పుడు అద్దంలా ఉండి, రెండు మూడు గంటల తర్వాత పసుపు, ఎరుపు తిరిగితే అది ఇనుము. గాలి తగిలి తుప్పుగా మారుతోంది. బోరులో మట్టి ఆపడానికి ఎంత ఖర్చుపెట్టినా ఆ ఎరుపు పోదు. మూడోది, కుళాయి జాలీల్లోనూ గీజర్‌లోనూ కనిపించే తెల్ల పలుకులు. ఆ పలుకుల మీద నిమ్మరసం పిండండి. బుడగలొచ్చి కరిగితే అది నీటి కాఠిన్యం వల్ల కట్టిన సున్నం. కరగకుండా అలాగే ఉంటే ఇసుక.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి. అమ్మకానికి వచ్చినవాళ్ళు టీడీఎస్ మీటర్ ముంచి, "చూడండి సార్, మీ నీళ్ళు 420" అంటారు. ఆ అంకె నీటిలో కరిగిన లవణాలది. కరగకుండా తేలే మట్టి దానికి పట్టదు. బురదనీళ్ళకు కూడా మంచి టీడీఎస్ రావచ్చు. మసకను కొలిచే పరీక్ష వేరు. ల్యాబ్‌వాళ్ళు దాన్ని ఎన్‌టీయూల్లో చెప్తారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 1 దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 5 వరకు సరిపెట్టుకోవచ్చు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబ్‌లో ఒకసారి చూపించండి.

గడియారం పెట్టుకుని కూర్చోండి

3. ఒక ఆదివారం పొద్దున అయిదు గ్లాసులు తీసుకుని బోరు పైపు దగ్గర కూర్చోండి. మోటారు వేయగానే ఒక గ్లాసు, రెండు నిమిషాలకు ఒకటి, అయిదుకు, పదిహేనుకు, ముప్పైకి ఒక్కొక్కటి. గ్లాసుల మీద సమయం రాసి వరుసగా గోడ మీద పెట్టండి. ఇంత చిన్న పని ఎందుకనిపిస్తుందా? వేల రూపాయల తప్పుడు ఖర్చును ఆపేది ఈ వరసే.

మొదటి గ్లాసు మాత్రమే మురికిగా ఉండి మిగతావి తేటగా ఉన్నాయా? ఊపిరి పీల్చుకోండి. రాత్రంతా నిలిచిన నీటిలో మడ్డి దిగి, మోటారు కుదుపుకు లేస్తోంది. ముందు పంపు మీద ఉండే నాన్ రిటర్న్ వాల్వు చూపించండి. అది పాడైతే మోటారు ఆపిన ప్రతిసారీ పైపులో ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా బోరులోకి పడి అడుగునున్నదంతా కలియబెడతాయి. పొయ్యి మీద చారును గరిటెతో అడుగంటా తిప్పితే ఏమవుతుందో అదే. ఆటో స్టార్టర్ ఉన్న ఇళ్ళలో ఇంకో సంగతి గమనించండి. కరెంటు పోయి వస్తూ ఉంటే మోటారు కూడా ఆగి మొదలవుతూ ఉంటుంది, ప్రతిసారీ బోరుకు ఒక కుదుపు. కరెంటు నిలకడగా లేని రోజు ఆటో ఆపేసి చేత్తో వేసుకోండి.

మొదటి మూడు గ్లాసులూ తేటగా ఉండి, పదిహేనో నిమిషం నుంచి రంగు మారుతోందా? మీరు బోరు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ లాగుతున్నారు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎక్కువ చోట్ల కింద ఉన్నది నల్లరాతి బండ. నీళ్ళు బండలో ఉండవు, దాని నెర్రెల్లో ఉంటాయి. ఆ నెర్రెల్లో మెత్తటి మట్టి కూడా ఉంటుంది. మెల్లగా లాగితే నీళ్ళు వస్తాయి, మట్టి కూర్చుని ఉంటుంది. పెద్ద మోటారు పెట్టి గుంజితే రెండూ కలిసి వస్తాయి. "రెండించుల నీళ్ళు పడ్డాయి" అని బోరు వేసిన రోజు మురిసిపోయి హెచ్‌పీ పెంచేసిన ఇళ్ళలో ఇదే జరుగుతుంది.

అయిదు గ్లాసులూ ఒకేలా మురికిగా ఉన్నాయా? బోరు కొత్తదైతే సరిగా ఊదించలేదు. పాతదైతే కేసింగ్ దగ్గర, అంటే బోరు పైభాగంలో దించిన పైపు దగ్గర, మట్టికి ఎక్కడో దారి పడింది. ఎండాకాలంలోనే వస్తే నీటిమట్టం దిగి పంపు అడుగుమడ్డికి దగ్గరైంది. మీ వీధిలో నిన్నగాక మొన్న ఎవరైనా బోరు వేశారా? నెర్రెలు కలిసి ఉంటే వాళ్ళ రాతిపొడి మీ నీళ్ళలో తేలవచ్చు; నాలుగు రోజులు ఆగి చూడండి, ఏ ఖర్చూ పెట్టకండి.

ఇక వాన పడిన మర్నాడు మాత్రమే ఎర్రనీళ్ళు వస్తుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పై నీళ్ళు కేసింగ్ పక్క నుంచి బోరులోకి దిగుతున్నాయని అర్థం. పైనుంచి మట్టి దిగిన దారిలోనే మురికికాలువ నీళ్ళూ, సెప్టిక్ ట్యాంకు ఊటా దిగుతాయి. అది ఆపేదాకా ఆ నీళ్ళు కాచకుండా తాగకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి.

ఇప్పుడు మందు

మందు మొత్తం బోరులోనే మొదలవ్వాలి. ఫిల్టర్ చివరిది. ఈ వరుస తిరగేస్తే డబ్బు నీళ్ళపాలే.

4. లాగుడు తగ్గించండి. బోరు పైపు మీద గేట్ వాల్వు ఉంటుంది. ఇరవై లీటర్ల బకెట్ ఇప్పుడు ఎన్ని సెకన్లలో నిండుతోందో చూడండి. 20 సెకన్లు పడుతోందనుకుందాం, అంటే నిమిషానికి 60 లీటర్లు. వాల్వును కొంచెం కొంచెంగా తిప్పుతూ 30 సెకన్లు పట్టేదాకా తగ్గించండి. నిమిషానికి 40 లీటర్లు వస్తాయి. ట్యాంకు నిండడానికి ఒకటిన్నర రెట్ల సమయం పడుతుంది, అంతేగా? వారం రోజుల తర్వాత మళ్ళీ అయిదు గ్లాసుల వరస పెట్టండి. తేటపడితే మీ ఖర్చు సున్నా. వాల్వును పూర్తిగా బిగించేయకండి. సబ్‌మెర్సిబుల్ మోటారు తన చుట్టూ పారే నీళ్ళతోనే చల్లబడుతుంది, ధార మరీ సన్నబడితే వేడెక్కుతుంది. ఈసారి మోటారు మార్చే పని పడినప్పుడు మాత్రం బోరు ఇచ్చే నీళ్ళకు తగ్గది కొనండి.

5. బోరు లోతు కొలవండి. రిపేరుకు మోటారు పైకి తీసిన రోజు వదులుకోకండి. గట్టి తాడుకు బరువు కట్టి అడుగుదాకా దించండి. వేసినప్పుడు 300 అడుగులన్నారు, తాడు 262 దగ్గర ఆగింది. అంటే 38 అడుగులు పూడిపోయింది. పంపు 260 దగ్గర వేలాడుతోందనుకోండి, అది మడ్డి మీద కూర్చున్నట్టే. సబ్‌మెర్సిబుల్‌లో మోటారు కింద, పంపు పైన ఉంటాయి. మోటారు చుట్టూ మడ్డి పేరుకుంటే నీటి పారుదల అందక కాలిపోతుంది. పంపు లోపలి ఇంపెల్లర్లను ఇసుక ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. మోటారు ఎప్పుడూ అడుగుకు పది పదిహేను అడుగులైనా ఎత్తులో ఉండాలి. "నీళ్ళు తగ్గాయి, ఇంకా దించు" అనేముందు కింద ఎంత చోటుందో ఈ తాడు చెబుతుంది.

6. ఫ్లషింగ్ చేయించేటప్పుడు పక్కన నిలబడండి. బోరు బండి కంప్రెసర్‌తో గాలి ఊది పూడిక పైకి తెస్తారు. తేటనీళ్ళు రాగానే అయిపోయిందని బండి కదలనివ్వకండి. పావుగంట ఆపించి మళ్ళీ ఊదించండి. మొదటి ధార మళ్ళీ మురికిగా వచ్చిందా? ఇంకోసారి. ఆపి మొదలుపెట్టినా తేటగానే వచ్చినప్పుడు పని అయినట్టు.

ఏటేటా ఫ్లషింగ్ చేయిస్తున్నారా? అయితే ఒక్కటి ఆలోచించండి. ప్రతి ఏడాదీ అంత మట్టి ఎక్కడి నుంచి వస్తోంది? ఇల్లు కారుతుంటే కింద గిన్నె మారుస్తూ కూర్చోం కదా. మట్టి దిగే దారి మూయాలి.

7. కేసింగ్ చూడండి. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది దీని గురించే. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద మెత్తబడిన రాయి, ఆ తర్వాతే గట్టి బండ. కేసింగ్ పైపు గట్టి బండలోకి దిగి కూర్చోవాలి. కేసింగ్‌కు అడుగుకు ఇంత అని వేరే లెక్క ఉంటుంది కాబట్టి, "రాయి తగిలింది, ఇక్కడికి చాలు సార్" అనగానే మనమూ డబ్బు మిగిలిందని తలూపేస్తాం. తగిలింది బండ కాదు, మెత్తరాయి. రెండేళ్ళకు నీళ్ళు తగిలి అది చిట్లుతుంది, కేసింగ్ కింది అంచు నుంచి మట్టి జారడం మొదలవుతుంది.

మా ఇంటి బోరు వేసిన రోజు నేను ఊళ్ళో లేను. కేసింగ్ ఎన్ని అడుగులు వేశారో బిల్లులో ఉంది, బండలోకి ఎంత దిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. మూడో ఏడాది నుంచి మా అమ్మ పొద్దున్నే కుళాయికి గుడ్డ కట్టి నీళ్ళు వడబోసుకునేది. కెమెరా దించి చూపించుకున్నాకే తెలిసింది, కేసింగ్ అంచు కింద గోడ రాలి గూడులా అయిపోయిందని. ఆ రోజు దగ్గర నిలబడి ఉంటే ఇంకో రెండు పైపులు వేయించేవాణ్ణి. మా అమ్మకు ఆ శ్రమ తప్పేది.

ఇలాంటప్పుడు మార్గం లోపలి కేసింగ్. పాత కేసింగ్‌లోంచి సన్నటి పీవీసీ పైపును కిందికి దించి, రాలుతున్న చోటు దాటించి, దాని అడుగు గట్టిరాయిలో బిగుసుకునేలా చేస్తారు. మీ పంపు ఆ సన్న పైపులో పడుతుందా? పైపు కొనకముందే పంపు బయటి వెడల్పు, పైపు లోపలి వెడల్పు రెండూ కొలిపించండి. ఇది మరిచిపోయి, పైపు దించాక పంపు దిగక తల పట్టుకున్న ఇళ్ళున్నాయి. బోరు కెమెరా ఉన్నవాళ్ళు ఇప్పుడు చాలా పట్టణాల్లో దొరుకుతున్నారు. గోడ ఎన్నో అడుగు దగ్గర రాలుతోందో కళ్ళతో చూశాకే లోపలి కేసింగ్ పొడవు తేల్చండి.

8. వానకాలం బురదైతే పైన మూయండి. కేసింగ్ చుట్టూ మట్టి కుంగి చిన్న గుంట కనిపిస్తోందా? దొంగ దారి అదే. మూడడుగులు తవ్వి, కేసింగ్ చుట్టూ సిమెంటు కాంక్రీటు దట్టంగా పోయించండి. పైన గట్టు నేల కంటే అడుగెత్తు ఉండి, నీళ్ళు బయటికి జారేలా వాలు ఉండాలి. కేసింగ్ మూతి దానికంటే ఎత్తులో, గట్టి మూతతో ఉండాలి. కేబుల్, పైపు దూరే కంతలు కూడా మూయించండి.

డాబా మీది వాననీటిని నేరుగా బోరులోకి వదిలారా? మంచి ఆలోచనే, కానీ దారి సరైంది కాదు. డాబా దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు అన్నీ బోరులో పడుతున్నాయి. ఆ పైపును బోరు పక్కన ఇంకుడుగుంతలోకి మళ్ళించండి. కింద పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక. ఏడాదికోసారి పై ఇసుక తీసి కడగండి.

మీ నేల ఏది?

పైన చెప్పిందంతా బండనేలలకు. కర్నూలు, పల్నాడు వైపు సున్నపురాయి ఉన్న చోట రాతిలోనే గుహల్లాంటి ఖాళీలుండి, వాటినిండా ఎర్రమట్టి ఉండొచ్చు. అలాంటి చోట నీళ్ళు బాగా పడినా బురద వదలదు. మెల్లగా లాగడం అక్కడ తప్పనిసరి. విశాఖ, విజయనగరం వైపు ఖొండలైట్ రాయి చాలా లోతుదాకా మెత్తబడి బంకమట్టిగా మారి ఉంటుంది. "పక్క జిల్లాలో నలభై అడుగుల కేసింగ్ చాలింది" అన్న మాట అక్కడ చెల్లదు.

కోనసీమలో, కృష్ణా డెల్టాలో బండే లేదు, అంతా ఒండ్రు, ఇసుక. అక్కడివి ఫిల్టర్ పాయింట్లు. చీలికలున్న పైపు చుట్టూ గులకరాళ్ళు పోసి ఇసుకను ఆపుతారు. చీలికలు ఇసుక కంటే వెడల్పుగా ఉన్నా, చుట్టిన జాలీ చిరిగినా ఇసుక ఆగదు. పైనుంచి ఎన్ని ఫిల్టర్లు పెట్టినా లాభం లేదు, ఆ పైపునే మార్చాలి. ఇసుక ఆగకుండా వస్తూనే ఉంటే కింద డొల్ల పడి గట్టు కుంగిపోయే ప్రమాదం కూడా ఉంది. సముద్రానికి దగ్గరగా ఉంటే గట్టిగా లాగినప్పుడు కింది ఉప్పునీళ్ళు పైకి వస్తాయి. బురద బాధ తీర్చుకోబోయి ఉప్పునీటి బాధ తెచ్చుకోకండి.

ఇంటి వెనక చేదబావి ఇంకా బతికి ఉందా? అదృష్టవంతులు. నీళ్ళు అడుగంటే వైశాఖంలో పూడిక తీయించడం మన పెద్దల పద్ధతి, ఇప్పటికీ అదే సరైన కాలం. కానీ మూతపెట్టి ఏళ్ళయిన బావిలోకి మనిషిని దించేముందు ఆగండి. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు. దీపం దించి చూడడం పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు, నిజమే. ఆరకపోయినా విషవాయువు లేదని నమ్మకం లేదు. గాలి బాగా కొట్టించి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు ఉండగానే దించాలి. డీజిల్ ఇంజన్‌ను బావిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దించకండి, దాని పొగ కళ్ళముందే మనిషిని చంపుతుంది. లోపల ఒకరు పడిపోతే కంగారుగా ఇంకొకరు దూకడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోన్ చేయండి.

మిగిలిన మడ్డికి ఫిల్టర్

9. బోరును సరిచేశాక కూడా మిగిలినదానికే ఫిల్టర్. ఇప్పుడు మీ గాజు సీసా గుర్తు తెచ్చుకోండి. ఇసుకైతే, నీళ్ళను సుడి తిప్పి ఇసుకను కిందికి రాల్చే శాండ్ సెపరేటర్, లేదా బిందుసేద్యం దుకాణాల్లో దొరికే జాలీ ఫిల్టర్, డిస్క్ ఫిల్టర్ చాలు. ఒండ్రైతే ఇసుక నింపిన ఫిల్టర్ డబ్బా, వెనక్కి కడిగే వాల్వుతో. బంకమట్టిని సెపరేటర్ ఆపలేదు, జాలీ ఆపలేదు. దానికి తేర్చడమే దారి. చోటుంటే సంపును అడ్డుగోడతో రెండుగా చేయండి. మొదటి గదిలో మడ్డి దిగుతుంది, పై నీళ్ళు గోడ మీంచి రెండో గదిలోకి పొర్లుతాయి. మోటారు రెండో గదిలో పెట్టండి.

10. ముతకది ముందు, సన్నది తర్వాత. అయిదు మైక్రాన్ల క్యాండిల్‌ను నేరుగా బోరు పైపుకు బిగిస్తే వారంలో గడ్డకట్టి నీళ్ళు ఆగిపోతాయి. ఆర్వో మెషిన్‌ను బురదకు మందుగా కొన్నవాళ్ళకు ఇదే అనుభవం. ఫిల్టర్ బిగించిన తర్వాత దాన్ని కడిగే తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. కడగని ఫిల్టర్ మురికిని దాచే డబ్బా.

తాగే నీళ్ళకు మట్టుకు పాత పద్ధతులు ఇప్పటికీ అక్కరకొస్తాయి. మా నాయనమ్మ చిల్లగింజను సానరాయి మీద అరగదీసి ఆ గంధాన్ని బిందెలో కలిపేది. తెల్లారేసరికి మడ్డంతా అడుగున ముద్దలా ఉండేది. పటిక ముక్కను బిందె నీళ్ళలో రెండు మూడు చుట్లు తిప్పి, నెమ్మదిగా కలియబెట్టి, రాత్రంతా వదిలేసినా అంతే. పొద్దున పైనీళ్ళను కదపకుండా వంచుకోండి. నీళ్ళు తేరాయంటే క్రిములు చచ్చాయని కాదు, కాచాకే తాగండి. క్లోరిన్ బిళ్ళ వేసేవాళ్ళు కూడా ముందు తేర్చాకే వేయాలి; బురదలో దాని బలం మట్టికే పోతుంది.

బోరులో యాసిడ్ పోస్తే ఊటలు తెరుచుకుంటాయని ఎవరైనా చెప్తే చెవిన పెట్టకండి. కేసింగ్, కేబుల్, మోటారు దెబ్బతింటాయి, ఆ నీళ్ళు మీ పక్కింటి బోరులోకీ వెళ్తాయి.

కొత్త బోరు తప్పదంటే

అన్నీ చేశాక కూడా గోడలు కూలుతూనే ఉంటే కొత్త బోరు తప్పకపోవచ్చు. నీరు, భూమి, చెట్ల సంరక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి. బోరు వేసే రోజు సెలవు పెట్టి దగ్గరుండండి. ప్రతి ఇరవై అడుగులకూ పైకొచ్చే పొడిని ఒక్కో ప్లాస్టిక్ సంచిలో వేసి లోతు రాయండి. పొడి రంగు, గట్టితనం మారిన చోటు చూసి గట్టి బండ ఎక్కడ మొదలైందో మీకే తెలుస్తుంది. కేసింగ్ దానిలోకి ఇంకా కొన్ని అడుగులు దిగాలని నోటితో చెప్పండి, బిల్లు మీద రాయించండి. నీళ్ళు పడిన లోతులు, చివరి లోతు, మోటారు దించిన లోతు అన్నీ ఒక కాగితం మీద రాసి స్టార్టర్ పెట్టెలో ఉంచండి. పదేళ్ళ తర్వాత మీ అబ్బాయి మెకానిక్‌ను పిలిచినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

పాత బోరు సంగతి? మోటారు లాగేసి, నోటి మీద ఒక రాయి పెట్టి వదిలేయకండి. పిల్లలు పడి చనిపోతున్న దుర్ఘటనల తర్వాత 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చేయాలి. వాడుతున్న బోరు చుట్టూ అరమీటరు గట్టు, నేలకు 30 సెంటీమీటర్లు పైకి, 30 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. రిపేరుకు మోటారు తీసి, "విడిభాగం రేపొస్తుంది" అని మెకానిక్ వెళ్ళిపోయిన రాత్రి కూడా బోరు నోరు తెరిచి ఉండకూడదు. ఇనుప మూత బోల్టులతో బిగించాకే అతన్ని పంపండి.